సర్వర్‌లో మా వంతు

మా సంఘం షెడ్డులో ఇప్పుడు పనిచేసే పిల్లలు నన్ను తరచూ ఒక మాట అడుగుతుంటారు. "అవ్వా, పక్క ఊరి సంఘమోళ్లు వాళ్ల వెబ్‌సైటు కోసం సొంతంగా ఒక సర్వర్నే అద్దెకు తీసుకున్నారంట. మనం ఇంకా ఈ క్లౌడ్‌లోనే ఎందుకుండాం? అప్పట్లో నువ్వు పిసినారితనం చేసినావంట గదా?"

పిసినారితనం సంగతి నిజమే. దాన్ని నేనెప్పుడూ దాచుకోలేదు. ఒక అగ్గిపుల్లతో రెండు పొయ్యిలు అంటించుకునే ఇంట్లో పెరిగినదాన్ని. కానీ ఆ రోజు ఆ సంగతి తేల్చింది నా పిసినారితనం కాదు. ఎవరు తేల్చారో, ఏ మాట మీద తేల్చారో చెప్తాను. వినండి. వింటూ చేతిలో పని మాత్రం ఆపొద్దు.

నేను మూడో తరగతి దాకా చదివాను. నాలుగో తరగతి బడి పక్క ఊళ్లో ఉండేది, మధ్యలో నీళ్లు. పొద్దున్నే పోయే పడవలో రొయ్యల గంపలకు చోటుండేది గానీ నాకు ఉండేది కాదు. అట్లా బడి ఆగిపోయింది. అక్షరాలను మాత్రం నేను వదల్లేదు. పొట్లం విప్పితే ముందు కాగితం చదివి, తర్వాతే లోపలి సరుకు చూసేదాన్ని. పెళ్లయ్యాక గంప నెత్తిన పెట్టుకుని సంతలు తిరిగాను. గూడూరులో, నాయుడుపేటలో, ఎక్కడ సంత ఉంటే అక్కడ. తర్వాత మా ఊరి ఆడవాళ్లం కలిసి సంఘం పెట్టుకున్నప్పుడు నన్ను పెద్దగా కూర్చోబెట్టారు. నా తెలివి చూసి కాదు. గోదాము తాళంచెవి నా దగ్గరుంటే చారెడు రొయ్యపప్పు కూడా ఊరికే బయటికి పోదని. పిల్లలకు తెలియకపోతే చెప్తున్నాను, ఎండబెట్టి పొట్టు తీసిన రొయ్యను రొయ్యపప్పు అంటారు. దాంతోనూ, రొయ్యల పచ్చడితోనూ మా సంఘం బతికింది.

ఇక మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే తక్కినదేదీ అర్థం కాదు.

మాది పులికాట్ సరస్సు ఒడ్డు. సరస్సు చూడడానికి పెద్దదే గానీ రొయ్యలు బాగా పడే తావులు కొన్నే ఉంటాయి. అన్ని ఇళ్లవాళ్లూ ఒకేసారి అక్కడ వలలు కడితే ఎవరికీ ఏమీ దక్కదు. అందుకని తాతల నాటినుంచీ వంతులు. ఈ రోజు కొన్ని ఇళ్లవాళ్లు, రేపు ఇంకొన్ని ఇళ్లవాళ్లు. మా మాటలో దాన్ని పాడు అంటారు. తన రోజు కాని రోజు తావులో వల దించినవాడు మా ఊళ్లో తలెత్తుకుని తిరగలేడు. తాగి పెళ్లాన్ని కొట్టినవాడితోనైనా మాట్లాడతారు గానీ వాడితో మాట్లాడరు. ఇంకో మర్యాద కూడా ఉంది. వంతు మనదే అయినా సరే, పడవ తావు దగ్గరికి చేరేటప్పుడు గొంతెత్తి చెప్పాలి. "ఎవురన్నా ఉండారా? మేం వస్తుండాం!" నిన్నటి వంతువాళ్లు ఇంకా వలలు తీసుకుంటూ ఉంటే వాళ్లు తీసుకునేదాకా ఆగాలి.

ఇంత మర్యాద ఉన్న పద్ధతిలో ఒక ముల్లు కూడా ఉంది. వంతు ఇంటికి కాదు, ఇంట్లోని మగమనిషికి. మా సంఘంలో పొట్టు చెరిగే చెల్లెలు ఒకతె ఉండేది. ఆమె చేటలో రొయ్యపప్పు ఎగిరి పడుతుంటే వాన చినుకుల చప్పుడులాగా వినబడేది. ఆమె మొగుడు చిన్న వయసులో జ్వరంతో పోయాడు. కొడుకులు లేరు, బడికి పోయే కూతురు ఒకతె. దినాలు అయిపోయిన మరుసటి వంతుకు ఊరివాళ్లు ఆ ఇంటి పేరు పిలవలేదు. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు. ఊరికే పిలవలేదు, అంతే. ఆ పొద్దు ఆమె ఒడ్డున నిలబడి పడవలన్నీ పోయేదాకా చూసి, కొంగు దోపుకుని షెడ్డుకు వచ్చి చేట అందుకుంది. ఆ రోజు నుంచీ ఆమెకు సంఘమే వల, సంఘమే తావు.

సంతల్లో బేరాలు తగ్గుతున్న రోజులు. అప్పుడు మాకు బిట్రగుంట అమ్మాయి దొరికింది. వాళ్ల నాన్న రైల్వేలో చేసినాయన, వాళ్లు పాత రైల్వే కాలనీలోనే ఉండేవాళ్లు. కంప్యూటర్ చదువుకుంది. బండెక్కి సూళ్లూరుపేటలో దిగి, ఆటో పట్టుకుని మా షెడ్డుకు వచ్చేది. మా పచ్చడి జాడీకి, రొయ్యపప్పుకు ఫొటోలు తీసి, వెబ్‌సైటు తయారుచేసి, మద్రాసులో, బెంగుళూరులో ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని మా సరుకు అడిగేటట్టు చేసింది. మా వాళ్లకు అర్థమయ్యేటట్టు అంతా విడమరిచి చెప్పింది కూడా.

"యాడో పెద్ద పెద్ద మిషన్లు ఉంటాయవ్వా. వాటిని శానామంది పంచుకుంటారు. దాన్ని క్లౌడ్ అంటారు. మన సైటు గూడా అందులోనే ఉంటది. మనం వాడుకున్నంతకే కడితే చాలు."

సరుకు తూచే వదిన మా అందరిలోకీ నోరున్న మనిషి. పకపకా నవ్వింది. "పంచుకోవడమంటే మాకు నేర్పించాల్నా తల్లీ! పుట్టినకాడ్నించీ మేం చేసేదే అది."

అందరం నవ్వాం. పాపం, ఆ అమ్మాయి కూడా నవ్వింది. ఆ నవ్వుతోనే గందరగోళం మొదలైందని అప్పుడెవరికి తెలుసు? (క్లౌడ్ అంటే మబ్బు అని తెలిశాక మా వదిన వేసిన జోకులు ఇక్కడ రాయను. అన్నీ వాన గురించే.)

అమ్మాయి సోమవారం, గురువారం వచ్చేది. వచ్చి, సంఘం ఫోన్‌లో సైటు తెరిచి, ఆర్డర్లు ఎట్లా చూడాలో, జవాబు ఎట్లా పంపాలో పొట్టు చెరిగే చెల్లెలికి నేర్పేది. ఆమె వేళ్లు చురుకైనవి, పైగా ఎక్కువగా అమ్ముడుపోయేది ఆమె కలిపే పచ్చడే. అందుకని ఆ పని ఆమెదే అయింది. సోమవారం, గురువారం మా రోజులని మాకు ఎవరూ చెప్పలేదు. మేం ఎవరినీ అడగనూ లేదు. మాకు అది అడగాల్సిన సంగతిగా తోచలేదు. పంచుకునే చోటు అన్నాక వంతులుంటాయి, వంతులన్నాక రోజులుంటాయి. సముద్రంలో ఉప్పుంటుందా అని ఎవరన్నా అడుగుతారా?

"ఆదివారం నేను రాను, చర్చికి పోవాల," అని అమ్మాయి ఒకసారి అన్నప్పుడు కూడా తూకం వదిన నా చెవిలో గొణిగింది. "ఆదివారం వాళ్ల వంతు అయ్యుంటదిలే వదినా."

ఫోన్ మాట్లాడటానికి వంతులు లేవని మాకు తెలుసు. అంత అమాయకులం కాదు. కానీ ఫోన్ ఎవరిది వాళ్లది. ఈ మిషన్ పదిమందిదని అమ్మాయే తన నోటితో చెప్పింది. ఒక మంగళవారం ఫోన్‌లో టింగుమని ఆర్డర్ వచ్చిన చప్పుడైంది. తూకం వదిన చెయ్యి చాపింది. నేను గుడ్లురిమాను.

"పెట్టు కింద. ఒకరి రోజున చెయ్యి పెట్టేదానికి సిగ్గులేదా?"

"ఊరికే చూద్దామని వదినా..."

"చూసేదేంది? చూస్తే మనసు ఊరుకుంటదా?"

పొట్టు చెరిగే చెల్లెలు ఆ ఫోన్‌ను కొంగుతో తుడిచి, బోర్లించి, గోదాము అల్మరాలో పెట్టి వచ్చింది. నాకు ఆమె మీద గౌరవం పెరిగింది. సంఘం అంటే ఇట్లా ఉండాలి అనుకున్నాను.

మీరు నవ్వుతున్నారని నాకు తెలుసు. నవ్వండి. అవతల కొనేవాళ్లు మాత్రం నవ్వలేదు. మద్రాసు నుంచి ఒకాయన ఫోన్ చేసి అరిచాడు. "ఆర్డర్ పెట్టి ఎన్నాళ్లయిందమ్మా? మీ సైటు బతికుందా, చచ్చిందా?" ఇంకొకామె, "మీ పచ్చడి బాగుంది గానీ మీతో వేగలేం," అని చెప్పి మానేసింది. పచ్చడి జాడీలు గోదాములో వరసగా నిలబడిపోయాయి. బిట్రగుంట అమ్మాయి దిగులుపడింది. తన పనిలోనే ఏదో లోపముందని అనుకుంది. రెండు మూడు వారాలు తల బద్దలు కొట్టుకుని, ఒక సోమవారం మా అందరినీ కూర్చోబెట్టింది.

"క్లౌడ్‌లో పక్కనోళ్ల వాడకం ఎక్కువై మన ఆర్డర్లు మనకు సరిగా అందడం లేదేమోనని నాకు అనుమానమవ్వా. ఇంకో దారుండాది. డెడికేటెడ్ సర్వర్ అని, ఒక మిషన్ మొత్తం మనకే అద్దెకిస్తారు. అందులో ఇంకెవురూ ఉండరు."

చేట చప్పుడు ఆగిపోయింది.

"ఇంకెవురూ ఉండరా?" అంది పొట్టు చెరిగే చెల్లెలు. "అంటే దినమూ మనదేనా?"

"దినమూ మనదేనక్కా. రేయీ పగలూ."

ఆమె ముఖం చూశాను. మొగుడు పోయాక ఆ ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. చూసి కూడా నా ధోరణి నేను మానలేదు.

"అద్దె ఎట్టా?" అన్నాను.

అమ్మాయి చెప్పింది. తూకం వదిన బుగ్గలు నొక్కుకుంది.

"ఎండాకాలంలో సరస్సు ఎండిపోయి, రొయ్య దొరక్క, మేం గోళ్లు గిల్లుకుంటా కూర్చుంటాం. అప్పుడు గూడా ఇంతేనా?" అన్నాను.

"అప్పుడు గూడా ఇంతేనవ్వా. వాడినా వాడకపోయినా. దాన్ని చూసుకునే పని గూడా మనదే. రిపేరొచ్చినా, ఏదన్నా మార్చాల్సొచ్చినా నేను గానీ ఇంకొకరు గానీ ఉండాల."

"అంటే ఒడ్డున కట్టేసిన పడవకు దినమూ కూలీ ఇయ్యడం. అది నా వల్ల కాదు. ఈ పంచుకునేది పనికిరాక, ఆ సొంతది కట్టుకోలేక, ఈ యాతనంతా ఎందుకు? సైటు మూసేద్దాం. మళ్లీ సంతకే పోదాం. గంపలు ఇంకా పారెయ్యలా నేను."

అమ్మాయి ఏదో అనబోయింది. నేను చెయ్యెత్తాను. గురువారం ఆమె వచ్చినాక ఏదో ఒకటి తేల్చేద్దామన్నాను. నేను చెయ్యెత్తితే మా షెడ్డులో మాటలు ఆగిపోయేవి. ఆ రోజుల్లో అది నాకు కొంచెం ఇష్టంగానే ఉండేది.

సాయంత్రం ఇంటికి పోతుంటే పొట్టు చెరిగే చెల్లెలు వెనకే వచ్చింది. ఇద్దరం కట్ట మీద నడిచాం. మా ఇంటి మలుపు దగ్గర ఆగింది.

"అక్కా, నెల్లూరు పక్క రొయ్యల ఫ్యాక్టరీ మేస్త్రి అడుగుతుండాడు. ఆడ గదులిస్తారంట, పని చేసేవాళ్లకే. పిల్లల్ని రానీరు. పాపను హాస్టల్లో ఎయ్యమంటుండాడు."

"నువ్వేం చెప్పినావు?"

"సంఘంలో ఏదో ఒకటి తేలినాక చెప్తానన్నా."

నేను ఇంటి వైపు అడుగేశాను. ఆమె ఆపింది.

"సంతకు నేను పోలేనక్కా. తెల్లారకముందే పోయి చీకటి పడ్డాక వస్తే పాప ఒక్కతే ఇంట్లో ఉండాల. ఆ సొంత మిషన్ తీసుకోండక్కా. నా వంతు అని ఒకటుంటే, దాన్ని పట్టుకుని ఈడే పడుంటా. రాత్రుళ్లు పాప ఇంకా నా పక్కలోనే పడుకుంటది, చెయ్యి నా మెడ మీద ఏసి. హాస్టల్లో ఎవురి మీద ఏస్తది?"

నాకు ఓదార్చడం చేతకాదు. ఎప్పుడూ రాలేదు. "పొద్దుపోయింది, ఇంటికి పో. పాపకు ఆకలేస్తుంటది," అన్నాను. ఆమె పోయింది. ఆ పూట నేను అన్నం కలిపి, కలిపిన ముద్ద చేతిలో పట్టుకునే చాలాసేపు కూర్చున్నాను. సొంత మిషన్ తీసుకుంటే సంఘం ఎండాకాలం దాటేటట్టు లేదు. తీసుకోకపోతే ఈ తల్లీపిల్లలు విడిపోయేటట్టు ఉన్నారు.

గురువారం అమ్మాయి మామూలుకన్నా ముందే వచ్చింది. ఆటో దిగడం దిగడమే ల్యాప్‌టాప్ తెరిచింది. ముఖంలో అయోమయం.

"అవ్వా, నేను అంతా చూసినా. సైటు ఒక్క దినం గూడా ఆగలా. ఆర్డర్లన్నీ సరిగ్గా వచ్చినాయి. ఫోన్లో టింగుమని గూడా మోగుండాల. మీరే తెరవలా. సోమవారం, గురువారం తప్ప ఒక్క దినమన్నా ఎవురూ తెరవలా. ఎందుకని?"

మేం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. ఇదేం ప్రశ్న అన్నట్టు.

పొట్టు చెరిగే చెల్లెలే నోరు విప్పింది. "మన రోజు కాదు గదమ్మా."

"మన రోజు కాకపోవడమేంది?"

"సోమవారం, గురువారం మనది. మిగతా దినాలు వేరేవాళ్లవి. నువ్వే చెప్పినావు గదా, శానామంది పంచుకుంటారని. బుధవారం ఒకసారి పెద్ద ఆర్డర్ వచ్చినట్టుండాది. ఫోన్ తెర మీద కనపడింది, పచ్చడి జాడీలు శానా అడిగినారు. తెరవాలని చెయ్యి గుంజింది. కానీ బుధవారం ఏ ఊరోళ్ల రోజో ఏమో. ఆ ఊళ్లో గూడా నాలాంటిది ఒకతె ఉంటే? దాని రోజున నేను వల దించితే, అది ఒడ్డున నిలబడి చూడాల గదా. అది ఎట్టుంటదో నాకు తెలుసు. నా చేతుల్తో నేను ఎట్టా చేసేది?"

ఆ అమ్మాయి నవ్వుతుందని అనుకున్నాను. చదువుకున్న పిల్ల, నవ్వినా నేను తప్పు పట్టేదాన్ని కాదు. ఆమె నవ్వలేదు. ల్యాప్‌టాప్ పక్కన పెట్టి, చాప మీద, పొట్టు మధ్యలో, ఆ చెల్లెలి పక్కకు వచ్చి కూర్చుంది. కాసేపు ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"తప్పు నాదక్కా. పంచుకోవడమంటే నేను చెప్పింది వేరు, మీరు బతికింది వేరు. ఇందులో రోజులు లేవు. అందరూ ఒకేసారి ఉండొచ్చు. మనకు పని ఎక్కువైతే మనకిచ్చే జాగా పెరుగుద్ది, తగ్గితే తగ్గుద్ది. మనం ఎక్కినందుకు ఎవురూ దిగాల్సిన పన్లేదు."

"అదెట్టా? తావు ఒకటే గదా?" అంది తూకం వదిన.

"ఒకటి కాదు. ఎన్నో మిషన్లు కలిపి ఉంటాయి. ఒకటి చెడినా ఇంకోటి ఎత్తుకుంటది. ఇప్పుడే చూపిస్తా. అందరూ ఫోన్లు తీయండి. అందరూ ఒకేసారి మన సైటు తెరవండి."

తడి చేతులు చీరలకు తుడుచుకుని అందరం తీశాం. ఒక్కొక్క ఫోన్లో ఒక్కొక్కటిగా అదే పచ్చడి జాడీ ఫొటో వచ్చింది. షెడ్డు నిండా ఎర్రటి జాడీలు. ఎవరి జాడీ మాయం కాలేదు. పొట్టు చెరిగే చెల్లెలు తన ఫోన్ చూడలేదు. మా అందరి ఫోన్లూ ఒక్కొక్కటిగా వచ్చి చూసింది, ఎవరికన్నా తగ్గిందేమోనని. చివరికి అమ్మాయి ముందు నిలబడి ఒక మాట అడిగింది. గొంతు బాగా తగ్గించి అడిగింది గానీ షెడ్డు చిన్నది, అందరికీ వినబడింది.

"ఇంట్లో మగమనిషి ఉండాడా అని అడగరా?"

"అడగరక్కా. ఎవురూ అడగరు."

తూకం వదిన ఎప్పుడూ లేనిది తల పక్కకు తిప్పుకుని తక్కెడ తుడవడం మొదలుపెట్టింది. తక్కెడ శుభ్రంగానే ఉంది.

నేను గొంతు సవరించుకున్నాను. సంఘం పెద్దను నేను, తేల్చాల్సింది నేను. అయినా ఆ పూట నాకు తేల్చబుద్ధి కాలేదు.

"ఏమే, సొంతది కావాలని అడిగింది నువ్వు. ఇప్పుడు నువ్వే చెప్పు. సొంతదా, పంచుకునేదా? అద్దె సంగతి నేను చూసుకుంటా."

అద్దె సంగతి నేను చూసుకుంటానని నా నోటినుంచి రావడం మా వాళ్లు అదే మొదటిసారి వినడం. అందరూ నావైపు చూశారు. ఆమె మాత్రం కింద చెదిరిన పొట్టును చేత్తో కుప్ప చేసింది. సొంతం అనే మాట కోసం ఆమె ఎంత అలమటించిందో ఆ సాయంత్రం నాకు చెప్పింది గదా. సొంతదే అంటుందని నేను మనసులో సిద్ధపడ్డాను.

"పంచుకునేదే అక్కా," అంది. "సొంతదైతే ఎండాకాలమంతా ఊరికే ఖాళీగా పడుంటది. ఇందులో అయితే, మనకు పని లేనప్పుడు ఆ జాగా ఇంకెవురికో పనికొస్తది. ఖాళీగా పెట్టుకుని ఇంకొకరిని రానీకుండా ఉండేది నాకొద్దు."

బిట్రగుంట అమ్మాయి తర్వాత నాకు విడిగా చెప్పింది, లెక్క ప్రకారం చూసినా మాకు అదే మంచిదని. ఏడాది పొడుగునా ఒకే తీరుగా, రద్దీగా వ్యాపారం జరిగేవాళ్లకు, తమ మిషన్ మీద ఇంకొకరి నీడ పడకూడదనుకునేవాళ్లకు సొంత సర్వర్ బాగుంటుందట. మాలాగా ఒక నెల పొంగి ఒక నెల ఎండేవాళ్లకు క్లౌడే మేలట. కాబట్టి పక్క ఊరివాళ్లు చేసింది తప్పని నేననను. వాళ్లకు రొయ్యల చెరువులున్నాయి, ఏడాదంతా సరుకుంది. వాళ్ల లెక్క వాళ్లది. మీకు రేపు అంత పని వస్తే మీరూ మారండి. కానీ మా సంగతి ఆ రోజు తేలింది ఆ లెక్క మీద కాదు, అంతే నేను చెప్పేది.

ఆ పూటే ఆమె ఆగిపోయిన ఆర్డర్లన్నిటికీ కూర్చుని జవాబులు రాసింది. కొందరు అప్పటికే వేరే చోట కొనుక్కున్నారు, కొందరు తిట్టారు. బుధవారం ఆర్డర్ పెట్టినవాళ్లు మాత్రం ఇంకా చూస్తున్నామన్నారు. వాళ్లింట్లో ఏదో శుభకార్యం. గోదాములోని జాడీలన్నీ కదిలాయి. నేనే తాళం తీసిచ్చాను. మేస్త్రికి ఏం చెప్పిందో నేను అడగలేదు. మరుసటి సోమవారం ఆమె కూతురు బడి వదిలాక షెడ్డుకు వచ్చి, తల్లి చేట పక్కన కూర్చుని ఎక్కాలు చదువుకుంటుంటే నాకు అర్థమైంది.

మగమనిషి లేని ఇంటికి తావుల్లో వంతు ఎందుకు లేదన్న మాట ఆ తర్వాత నేను ఊరి పెద్దల దగ్గర ఎత్తాను. ఇప్పటికి చాలాసార్లు ఎత్తాను. ఇంకా తేలలేదు. వాళ్లకు తొందర లేదు. నేనూ ఇంకా చావలేదు గదా.

పని మానుకున్న రోజు గోదాము తాళంచెవి, సంఘం ఫోన్ పొట్టు చెరిగే చెల్లెలి చేతికే ఇచ్చాను. ఆమె పొద్దున్నే సైటు తెరిచే ముందు పెదాల మధ్య ఏదో అనుకునేది. దేవుడికి దణ్ణం అనుకునేదాన్ని. ఒకరోజు పక్కనే కూర్చుని విన్నాను. "ఎవురన్నా ఉండారా? మేం వస్తుండాం."

"నీకేమన్నా పిచ్చా? వంతులు లేవని ఆ పిల్ల అంత చెప్పినాక గూడా? అయినా మిషన్‌కు చెవులుంటాయా?" అని కసిరాను.

"మిషన్‌కు కాదక్కా," అంది. "అవతల ఉండేవాళ్లకు."

నన్ను పిసినారి అని ఆటపట్టించే పిల్లల్లో అందరికన్నా ముందుండేది ఇప్పుడు ఆమె కూతురే. డిగ్రీ అయిపోయింది, ఆ సైటు చూసుకునేది కూడా తనే. పిల్లా, అడిగావు గదా క్లౌడ్‌లోనే ఎందుకుండామని. తేల్చింది మీ అమ్మ. నిన్న పొద్దున నువ్వు షెడ్డు తలుపు తీసి, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, తెరవబోతూ లోగొంతుకలో మీ అమ్మ మాటే అనడం నేను గుమ్మం దగ్గర నిలబడి విన్నాను. నువ్వు నన్ను చూడలేదు. నేను దగ్గి లోపలికి రావాల్సింది. రాలేదు. నువ్వు ఆ మాట పూర్తిచేసేదాకా ఆగాను.